ఇంజన్ మారింది, వైరింగ్ మాటేమిటి?



బండికి ఇంజన్ మారుస్తున్నారంటే షెడ్డు చుట్టూ జనం పోగవుతారు. చైన్ పుల్లీకి వేలాడే ఇంజన్‌ను చూడటం ఎవరికైనా సరదాయే. మౌంటింగుల మీద కూర్చుందా, గేర్‌బాక్సుతో కలిసిందా, సైలెన్సర్ పట్టిందా అన్నవే అందరూ అడిగే ప్రశ్నలు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటే టీలు తాగి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. నిజానికి అక్కడికి అయింది సగం పనే. ఆ ఇంజన్‌లో ఏం జరుగుతోందో డ్రైవరుకూ, రేపు రిపేరు చెయ్యబోయే మెకానిక్కుకూ చెప్పాల్సిన వైర్లు ఇంకా మిగిలే ఉంటాయి. ఇవాళ్టి ప్రసంగం ఆ వైర్ల గురించి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక బండిని ముందు పెట్టుకుందాం. మన రోడ్ల మీద తిరిగేది కాదు. ఫోక్స్‌వాగన్ కంపెనీ జర్మనీలోని హనోవర్‌లో తయారుచేసిన వ్యాన్ అది. అమెరికాలో వానగన్ అన్న పేరుతో 1980 మోడల్ నుంచి 1991 మోడల్ దాకా అమ్మారు. పొడవు 4.57 మీటర్లు, బరువు ఒకటిన్నర టన్ను. ఇంజన్ ముందు కాదు, వెనకాల, సామాన్లు పెట్టుకునే అరుగు కింద ఉంటుంది. మంచం, గ్యాస్ పొయ్యి, పైకి లేచే టాపు బిగించిన క్యాంపర్ రకం కూడా వచ్చింది. కుటుంబమంతా అందులోనే వండుకు తిని, అందులోనే పడుకుని దేశం చుట్టి రావచ్చు. అందుకే నలభై ఏళ్లు దాటినా వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ బండికి ఉన్న లోటల్లా సత్తువ. మొదట్లో పెట్టిన గాలితో చల్లబడే రెండు లీటర్ల ఇంజన్ 67 హార్స్‌పవర్. 1983లో నీళ్లతో చల్లబడే 1.9 లీటర్ల ఇంజన్ వచ్చింది, 82 హార్స్‌పవర్. 1986లో 2.1 లీటర్లకు పెంచి 95కి తెచ్చారు. సంసారమంతా ఎక్కించుకుని కొండ ఎక్కాలంటే లారీల వెనకాల లారీలాగే పోవాలి. అందుకని చాలామంది సుబారు కంపెనీ ఇంజన్ వైపు చూశారు. 1990 మోడల్ లెగసీ కారుతో వచ్చిన ఈజే22 అనే 2.2 లీటర్ల ఇంజన్ 130 హార్స్‌పవర్ ఇస్తుంది. పైగా పాత ఇంజన్ లాగే ఇదీ పడుకున్న ఇంజన్. సిలిండర్లు నిలువుగా కాక, ఇటు రెండు, అటు రెండు అడ్డంగా ఉంటాయి కాబట్టి వెనక అరుగు కింద ఇముడుతుంది. ఈ ఇంజన్‌ను ఫోక్స్‌వాగన్ గేర్‌బాక్సుకు కలిపే ప్లేటు, నేలకు తగలకుండా పొట్టి చేసిన ఆయిల్ ఛాంబరు అక్కడ బజార్లో దొరుకుతాయి. అంటే ఇనుము వరకూ డబ్బు పెడితే తీరే సమస్యే.

వైరింగ్ అలా తీరదు. ఎందుకంటే లెగసీ కారులో ఆ ఇంజన్ ఒంటరిగా లేదు. దాన్ని నడిపే కంప్యూటరు, మెకానిక్కులు ఈసీయూ అనేది, కారు మొత్తాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. బండి ఎంత వేగంతో పోతోంది, గేరు న్యూట్రల్‌లో ఉందా, ఏసీ వేశారా, స్టీరింగ్ తిప్పడం వల్ల పంపు మీద భారం పడిందా, సెల్ఫ్ తిరుగుతోందా, ఈ కారు ఆటోమేటిక్కా, గేర్లు మనం మార్చేదా, ఇవన్నీ దానికి వైర్ల మీదనే తెలియాలి. ఇల్లరికం వచ్చిన అల్లుడిలా ఇది కూడా పాత ఇంట్లో జరిగిన మర్యాదలన్నీ ఇక్కడా జరగాలంటుంది. జరక్కపోతే అలుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద వెలిగే చెక్ ఇంజన్ లైటు ఆ అలకే.

వీటిలో వేగం సంగతి కాస్త వివరంగా చూద్దాం. సుబారు ఈసీయూకి వేగం కరెంటు రూపంలో, ఒకదాని వెనక ఒకటిగా వచ్చే పల్సుల్లా అందాలి. వానగన్‌లో అలాంటి వైరే లేదు. ముందు ఎడమ చక్రం ఇరుసు లోంచి బయల్దేరిన స్పీడోమీటరు కేబులు, తిరుగుతూ తిరుగుతూ డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది, అంతే. ఇంజన్‌కు వేగం చెప్పకపోయినా అది స్టార్ట్ అవుతుంది, రోడ్డు మీద పరిగెడుతుంది కూడా. చిక్కంతా ఆగేటప్పుడు వస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసి, క్లచ్ నొక్కి, కూడలి దగ్గర మెల్లగా ఆగుతుంటే ఇంజన్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. బండి నిలబడి ఉందో, ఇంకా దొర్లుతోందో ఈసీయూకి తెలియక, ఐడ్లింగుకు కావలసిన గాలి సరిగ్గా ఇవ్వలేకపోవడమే కారణం. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, స్పీడోమీటరు వెనకాల కేబులు తిరిగే చోట చిన్న స్విచ్చు సెన్సర్ పెట్టి, అక్కణ్ణుంచి వెనక్కి వైరు లాగడం. రెండోది, వెనక చక్రాలకు పోయే యాక్సిల్ మీద అయస్కాంతాలు బిగించి, దగ్గర్లో ఒక హాల్ సెన్సర్ నిలబెట్టడం. రెండో దాంట్లో వైరు పొట్టిదే కానీ బురద, నీళ్లు, రాళ్లు అక్కడే ఎక్కువ. మొదటి దాంట్లో వైరు పొడుగు, కానీ సెన్సర్ ఇంట్లో ఉన్నట్టు భద్రంగా ఉంటుంది.

ఇక వైరింగ్ పని ఎక్కడ మొదలవ్వాలి? బండి దగ్గర కాదు, ఇంజన్ ఇచ్చిన కారు దగ్గర. ఆ కారులోంచి ఇంజన్‌తో పాటు వైరింగ్ మొత్తం, డ్యాష్‌బోర్డు కింద ఉన్న కప్లర్లతో సహా తెచ్చుకోవాలి. తొందరపడి కటింగ్ ప్లేయరుతో కప్లర్ల మొదట్లోనే కత్తిరించి తెచ్చేవాళ్లున్నారు. పది రూపాయల వైరు కోసం కప్లరు పారేసుకున్నట్టు అవుతుంది. తెచ్చిన వైరింగ్‌ను పెద్ద బల్ల మీద పరిచి, పాత టేపు విప్పి, కంపెనీ వైరింగ్ డయాగ్రం పక్కన పెట్టుకుని ఒక్కో వైరుకూ కాగితం చీటీ కట్టాలి. ఏది ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తోంది, రంగేమిటి, చారేమిటి అన్నది రాసుకోవాలి. హెడ్‌లైట్లకు, అద్దాలకు, రేడియోకు వెళ్లేవన్నీ తీసెయ్యొచ్చు. ఇంజన్‌కు సంబంధించినది ఏదీ తియ్యకూడదు. ఇది అక్కర్లేదేమో అనిపించిన వైరును కూడా డయాగ్రంలో చివరి దాకా వెంబడించి, అప్పుడు నిర్ణయించుకోవాలి. న్యూట్రల్ స్విచ్చు వైరు చూడటానికి అక్కర్లేనిదే, కానీ గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో ఈసీయూకి చెప్పేది అదే.

కొత్త తరం ఇంజన్ తెచ్చుకుంటే పని ఇంకా పెరుగుతుంది. తాళంచెవిలో చిప్పు ఉంటే దాన్ని గుర్తుపట్టే భాగం కూడా రావాలి. యాక్సిలరేటరుకు కేబులు కాక వైరే ఉంటే ఆ పెడల్ కూడా రావాలి. పెట్రోలు ట్యాంకులో ఆవిరి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటే దానికీ చోటు చూడాలి. వానగన్‌లో ట్యాంకు ముందు సీట్ల కింద, ఇంజన్ వెనకాల. అటూ ఇటూ వైరూ గొట్టమూ రెండూ వెళ్లాలి.

వైరు పొడుగైతే సెన్సర్ రీడింగు తప్పు వస్తుందని చాలామందికి భయం. లెక్క వేసి చూద్దాం. అర చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి వైరు 5 మీటర్లు తీసుకుంటే దాని నిరోధం సుమారు 0.17 ఓమ్. నీళ్ల వేడి చెప్పే సెన్సర్ 20 డిగ్రీల దగ్గర దాదాపు 2500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపిస్తుంది. 300 ముందు 0.17 ఏపాటి? పొడవు వల్ల సెన్సర్లకు నష్టం లేదు. అదే వైరును పెట్రోలు పంపుకు వాడితే కథ వేరు. పంపు 5 ఆంపియర్లు లాగిందనుకోండి, ఆ 5 మీటర్లలోనే 0.86 వోల్టు పోతుంది. తిరుగు వైరు కూడా అంతే పొడవైతే నష్టం రెండింతలు. బ్యాటరీ దగ్గర 12 ఉన్నా పంపుకు చేరేది పదిన్నరకు దిగువ. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం అయిదో వంతుకు తగ్గుతుంది. కబురు మోసే వైరుకు సన్నం చాలు, కరెంటు మోసే వైరుకు లావు కావాలి. ఈ రెంటినీ కలగలిపి ఒకే కట్టలో బిగించకపోవడం ఇంకా మంచిది.

అంటే సెన్సర్ వైరుకు శత్రువు దూరం కాదు, దారి. సైలెన్సర్ మానిఫోల్డు పక్క నుంచి పోతే మామూలు పీవీసీ తొడుగు మెత్తబడి కరుగుతుంది. అక్కడ 125 డిగ్రీలు తట్టుకునే క్రాస్ లింక్డ్ రకం వైరు వాడాలి, పైన స్లీవు తొడగాలి. రేకు కన్నంలోంచి వైరు దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. లేకపోతే ఊగి ఊగి రేకు అంచు తొడుగును కోసేస్తుంది. ఇంజన్ ఊగుతుంది, బాడీ ఊగదు. ఆ రెంటి మధ్య వైరు బిగువుగా లేకుండా కాస్త వదులుగా వేలాడాలి. నీళ్లు వైరు వెంబడి జారి కప్లరులోకి పోకుండా కప్లరు కంటే ముందు ఒక చిన్న మలుపు కిందికి దిగాలి. ఇక క్రాంక్‌తో తిరిగే పళ్లచక్రం దంతాలను లెక్కపెట్టే క్రాంక్ సెన్సర్. దాని కాయిల్‌లో సెల్ఫ్ తిరిగేటప్పుడు పుట్టే వోల్టేజి అతి తక్కువ. స్పార్క్ ప్లగ్ వైర్ల పక్కన దాన్ని పడుకోబెడితే ఈసీయూకి లేని దంతాలు కనిపిస్తాయి, ఇంజన్ తప్పు సమయానికి నిప్పు పెడుతుంది. అందుకే కంపెనీ ఆ వైరు మీద లోహపు అల్లిక తొడిగింది. పొడవు పెంచినప్పుడు అదే రకం వైరుతో పెంచాలి, అల్లికను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చెయ్యాలి. రెండు కొసలా ఎర్త్ చేస్తే అల్లికలోనే కరెంటు ప్రవహించి, కాపాడాల్సిందే గోల చేస్తుంది.

అతుకుల గురించి ఒక మాట. టంకం పెడితే గట్టి అని మన దగ్గర నమ్మకం. రేడియోలో, టీవీలో అది నిజమే. ఊగే బండిలో టంకం వైరు పోగుల్లోకి పాకి కొంత మేర కడ్డీలా బిగిసిపోతుంది. ఆ బిగుసుకున్న చోటు, మెత్తటి చోటు కలిసే దగ్గర వైరు విరుగుతుంది. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల తెగి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం కంటే కొత్త వైరింగ్ వెయ్యడం తేలిక. సరైన సైజు టెర్మినల్, సరైన క్రింపింగ్ ప్లేయరు, పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు, ఇవి చాలు. జిగురు ఎందుకంటే తేమ లోపలికి పోతే రాగికి చిలుము పడుతుంది. పచ్చగా చిలుము పట్టిన అతుకు ఇవాళ పనిచేస్తుంది, రేపు వానొస్తే చెయ్యదు.

వైరింగ్‌లో అందరికంటే తక్కువ గౌరవం దక్కేది ఎర్త్‌కే. వానగన్‌లో బ్యాటరీ ముందు కుడి సీటు కింద ఉంటుంది, ఇంజన్ వెనకాల. కరెంటు వెళ్లేది కేబులు మీద, తిరిగొచ్చేది బండి రేకు మీద. గేర్‌బాక్సు నుంచి బాడీకి ఉన్న పట్టీ తుప్పు పడితే సెల్ఫ్ మొండికేస్తుందని అందరికీ తెలుసు. సెన్సర్లు అబద్ధమాడటం మొదలుపెడతాయని తెలియదు. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చూడండి. పెట్రోలు తక్కువైతే 0.1 వోల్టు దగ్గర, ఎక్కువైతే 0.9 దగ్గర ఉంటుంది. ఈసీయూ తీర్పు చెప్పే గీత 0.45 వోల్టు. పైపు ద్వారానే ఎర్త్ తీసుకునే రకం సెన్సరైతే, ఇంజన్ ఎర్త్‌కూ ఈసీయూ ఎర్త్‌కూ మధ్య 0.2 వోల్టు తేడా వస్తే చాలు, సెన్సర్ చెప్పే ప్రతి అంకెకూ ఆ 0.2 కలుస్తుంది. పెట్రోలు ఎక్కువ పడుతోందనుకుని ఈసీయూ తగ్గిస్తుంది. ఇంజన్ నీరసపడుతుంది, వేడెక్కుతుంది. మెకానిక్ సెన్సర్ మారుస్తాడు, మళ్లీ అదే. తప్పు సెన్సర్‌ది కాదు, రేకు మీద రంగు గీకకుండా బిగించిన ఒక బోల్టుది.

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు, మామూలు మల్టీమీటరు చాలు. ఎర్ర ప్రోబు ఇంజన్ బ్లాకు మీద, నల్లది బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అంకె 0.2 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు, అర వోల్టు దాటితే పట్టీ చూడాలి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా లైట్లు, ఫ్యాను అన్నీ వేసి, ఎర్ర ప్రోబు ఈసీయూ ఎర్త్ వైరు మీదికి మార్చండి. అక్కడ 0.1 కూడా దాటకూడదు. సుబారు వాళ్లు ఈసీయూ ఎర్త్ వైర్లను ఇన్‌టేక్ మానిఫోల్డుకే బిగించారు. మనకు దగ్గరని వాటిని బాడీకి మార్చకుండా ఉన్న చోటే ఉంచడం మంచిది.

ఇప్పుడు డ్యాష్‌బోర్డు. వానగన్ మీటర్లు ఫోక్స్‌వాగన్ సెన్సర్ల భాషకు అలవాటు పడ్డవి. సుబారు ఇంజన్‌లో నీళ్ల వేడికి రెండు సెన్సర్లుంటాయి, ఈసీయూకి ఒకటి, ముల్లుకు ఒకటి. ముల్లు సెన్సర్ వైరు తెచ్చి వానగన్ మీటరుకు కలిపితే ముల్లు కదులుతుంది, కానీ అది చూపించే వేడి వేరు, ఉన్న వేడి వేరు. పాత బండి సెన్సర్‌నే కొత్త ఇంజన్ నీళ్ల దారిలో ఎక్కడో ఒక చోట కూర్చోబెట్టాలి. ఈసీయూ సెన్సర్ వైరును మాత్రం ముల్లుతో పంచుకోకూడదు. పంచుకుంటే రెండూ చెడతాయి. ఆయిల్ ప్రెషర్‌దీ అదే తీరు. చివరి వానగన్లలో రెండు స్విచ్చులుంటాయి. 0.3 బార్ దగ్గర పనిచేసేది ఒకటి, ఐడ్లింగుకు. 0.9 బార్ దగ్గరిది ఇంకొకటి, ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు. 2000 ఆర్‌పీఎం దాటాక 0.9 స్విచ్చు జవాబు చెప్పకపోతే డ్యాష్‌బోర్డులో బజరు మోగుతుంది. కొత్త ఇంజన్‌కు ఒక్క స్విచ్చే ఉంది కదా అని బజరు వైరు పీకేస్తే బండి నిశ్శబ్దమవుతుంది. ఆయిల్ పోయినా అంతే నిశ్శబ్దంగా ఉంటుంది. ఒక టీ జాయింటు వేసి రెండో స్విచ్చు బిగించడం పెద్ద పని కాదు.

ఇక అసలు సంగతి, డయాగ్నస్టిక్ వైరింగ్. బండి తన రోగం తానే చెప్పుకునే ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1971లోనే ఫోక్స్‌వాగన్ తన బీటిల్ కార్ల ఇంజన్ గదిలో పరీక్షా యంత్రానికి తగిలించే సాకెట్ పెట్టింది. తొలినాటి ఈజే22 ఇంజన్లకు స్కానర్ కూడా అక్కర్లేదు. వైరింగ్‌లో వేలాడే రెండు నల్లటి కప్లర్లను ఒకదానికొకటి తగిలించి తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు మిణుకుతుంది. పొడుగు మెరుపులు పదులు, పొట్టి మెరుపులు ఒకట్లు. మూడు పొడుగు, మూడు పొట్టి అంటే 33, వేగం సిగ్నల్ రావడం లేదని. రెండు పొడుగు, ఒక పొట్టి అంటే 21, నీళ్ల వేడి సెన్సర్. ఆ నల్ల కప్లర్లు, ఆకుపచ్చ పరీక్ష కప్లర్లు చూడటానికి తెగి వేలాడే పనికిరాని ముక్కల్లా ఉంటాయి. వైరింగ్ శుభ్రం చేసేటప్పుడు ముందు చెత్తబుట్టలో పడేది అవే.

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 అనే ఉమ్మడి పద్ధతి తప్పనిసరి అయింది. పదహారు కాళ్ల సాకెట్. అందులో 16వ కాలు బ్యాటరీ పాజిటివ్, 4, 5 ఎర్త్‌లు. ఆనాటి సుబారుల్లో మాటలు నడిచేది 7వ కాలు మీద, సెకనుకు 10,400 బిట్ల చొప్పున. అంటే వెనక ఈసీయూ నుంచి డ్యాష్‌బోర్డు కింద సాకెట్ దాకా కబురు మోసేది ఒకే ఒక వైరు. ఆ ఒక్క వైరు లాగడం ఎందుకని సాకెట్‌ను ఇంజన్ గదిలోనే వదిలేసేవాళ్లున్నారు. బండి నడుస్తుండగా చూడాల్సిన అంకెలను, బండి ఆపి వెనక తలుపెత్తి చూస్తే ఏం లాభం? డ్రైవరు మోకాళ్ల దగ్గర, సాకెట్ ఎప్పుడూ ఉండే చోటే అది ఉండాలి. 16వ కాలి వైరుకు బ్యాటరీ మొదట్లోనే ఫ్యూజు ఉండాలి. ఇంకా కొత్త ఇంజనైతే 6, 14 కాళ్ల మీద కబురు మోసే క్యాన్ వైర్ల జత వస్తుంది. ఆ రెండు వైర్లనూ పురి వేసి తీసుకెళ్లాలి. బ్యాటరీ విప్పి ఆ రెండు కాళ్ల మధ్య మీటరు పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొస తెగిందని అర్థం.

అంతా కుదిరాక స్కానర్ తగిలించి చూస్తే అంకెలు బారులు తీరతాయి. ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది. నీళ్ల వేడి సెన్సర్ కప్లరు ఊడదీయండి. చాలా బండ్లలో స్కానర్ మీద వేడి మైనస్ 40 డిగ్రీలకు పడిపోతుంది. ఓబీడీ లెక్కలో వేడిని చెప్పే అంకెలోంచి 40 తీసేస్తారు, సున్నా వస్తే మైనస్ 40. వేసవి మధ్యాహ్నం మైనస్ 40 కనబడిందంటే అక్కడ చలి లేదు, వైరు తెగింది. వైరు సరిగ్గా ఉన్నప్పుడు ఏం చూపిస్తుందో తెలియడం ఎంత అవసరమో, తెగినప్పుడు ఏం చూపిస్తుందో తెలియడం అంతే అవసరం.

అబద్ధపు వైరింగ్ సంగతికి వస్తాను. సెన్సర్ బదులు ఒక రెసిస్టర్ ముక్క అతికించి నీళ్ల వేడి ఎప్పుడూ 80 డిగ్రీలే అని ఈసీయూను నమ్మించవచ్చు. రెండో ఆక్సిజన్ సెన్సర్‌కు బదులు బొమ్మ సర్క్యూట్ పెట్టవచ్చు. చెక్ ఇంజన్ బల్బే పీకెయ్యవచ్చు. అన్నీ పనిచేస్తాయి. లైటు ఆరుతుంది, బండి నడుస్తుంది. పెద్ద కంపెనీలు కూడా ఈ దారి తొక్కాయి. ఫోక్స్‌వాగనే తన డీజిల్ కార్ల సాఫ్ట్‌వేరును, పరీక్ష జరిగేటప్పుడు ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచేలా రాసుకున్న సంగతి 2015 సెప్టెంబరులో బయటపడింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు కోటీ పది లక్షల కార్లు. కంప్యూటరు చేత అబద్ధం చెప్పిస్తే ఎప్పుడో ఒకప్పుడు లెక్క కట్టాల్సి వస్తుంది. సొంత బండిలో ఆ లెక్క కట్టేది మనమే, కొండ మీద, రాత్రిపూట.

కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయంలో ఒక తెలివైన నిబంధన పెట్టుకుంది. ఇంజన్ మార్చుకోవచ్చు, కానీ కొత్త ఇంజన్ మోడల్ సంవత్సరం బండి సంవత్సరానికి తగ్గకూడదు. ఆ ఇంజన్‌తో వచ్చిన పొగ నియంత్రణ సామాను మొత్తం దానితోనే రావాలి. ఓబీడీ-2 ఇంజనైతే సాకెట్, లైటు రెండూ పనిచెయ్యాలి. రెఫరీ అనే అధికారి చూసి, సరిపోతే బండికి ఒక చీటీ అతికిస్తాడు. ఈసీయూ తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా అని కూడా స్కానర్ చెబుతుంది. వేగం వైరు లేకపోతే ఆ పరీక్షల్లో కొన్ని మొదలే కావు, ఎందుకంటే బండి ఫలానా వేగంతో పోతున్నప్పుడే అవి జరగాలి. ఒక్క వైరు లేక తతంగమంతా నిలిచిపోతుంది.

మన దగ్గర ఇంజన్ ఇలా ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ చెబుతుంది. ఆ సంగతి ముందు ఆర్టీఏ ఆఫీసులో తేల్చుకోవాలి. అయినా ఇంతసేపు చెప్పుకున్నది మనకు పరాయిది కాదు. విజయవాడలోనో, హైదరాబాదులోనో వ్యాన్‌కు సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్ బిగించే మెకానిక్ చేసేది ఇదే పని. ఇంజెక్టర్ వైర్లు కోసి మధ్యలో మరో కంప్యూటరును కూర్చోబెడతాడు, ఆర్‌పీఎం వైరు మీద, ఆక్సిజన్ సెన్సర్ వైరు మీద అతుకు వేస్తాడు. వాన పడ్డాక బండి కుదుపులిస్తోందని ఓనరు వస్తే, “ఏం కాదు సార్, నడుస్తోంది కదా” అంటాడు. నడుస్తోంది, నిజమే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో సెన్సర్లు ఇంకా పెరిగాయి, సాకెట్ ప్రతి బండిలోనూ ఉంది. కిట్ పెట్టించేటప్పుడు అతుకులు ఎక్కడ పడ్డాయో ఫోటో తీసుకోండి. ఎర్త్ ఎక్కడ ఇచ్చారో అడగండి. చెప్పగలిగిన మెకానిక్కుకు నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

వైరింగ్ పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి? ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు కాదు, లైటు ఆరినప్పుడూ కాదు. ఒక్కో సెన్సర్ కప్లరు వరసగా ఊడదీసి, ఇంజన్ నడుపుతూ స్కానర్ వైపు చూడండి. ఊడదీసిన దాని పేరే స్కానర్ చెప్పాలి, లైటు వెలగాలి. మళ్లీ తగిలించి, కోడ్ చెరిపేసి, తర్వాతి దానికి వెళ్లండి. వేగం వైరు తీసి రోడ్డు మీద తిప్పితే పీ0500 రావాలి. 0.9 బార్ ఆయిల్ స్విచ్చు తీసి ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎం దాటిస్తే బజరు మోగాలి. ఏదైనా సెన్సర్ ఊడదీసినా బండి నోరు మెదపకపోతే ఆ వైరు ఇంకా చేరాల్సిన చోటికి చేరలేదన్నమాట. అన్నీ జవాబు చెప్పాక, మీరు రాసుకున్న డయాగ్రం కాపీ ఒకటి, వైర్ల రంగులతో సహా, ఆర్‌సీ పెట్టుకునే కవర్‌లో పెట్టండి. మీరు ఆ బండి అమ్మేశాక దాని ఇంజన్ మూత ఎత్తే మెకానిక్ మీకు తెలియనివాడు, అతనికి మీరు తెలియదు. అతని పని ఎంత తేలికవుతుందన్నదే మీ వైరింగ్‌కు అసలు పరీక్ష.